ఓనమాలు - మాతృకలు

మన తెలుగుదేశమున బిడ్డకు చదువు మొదలిడు దినమున పళ్లెరములో బియ్యము పరచి, పసుపు గణపతిని నిలిపి, సరస్వతీపూజ చేసి, చూపుడువ్రేలు పట్టి 'ఓం నమః శివాయ, సిద్ధం నమః' అని వ్రాయించుట ఆచారము. వెనుకటి వీధిబడులలో బియ్యమునకు బదులు ఇసుక పోసి దిద్దించెడివారు. ఆ మాటలలోని మొదటి మూడక్షరములు కలిసి 'ఓనమాలు' అయినవి. ఆ ఓనమాలే మన భాషలో అక్షరమాల కంతటికిని పేరైనవి. 'దానికి వంటలో ఓనమాలు రావు' అని యెన్నడో యొకప్పుడు అనని అత్తగారు ఉండదు. అందు 'శివాయ' యను మాట అందరికిని తెలిసినదే. 'సిద్ధం' అననేమి, దానికి నమస్కార మెందుకు, అని పీటమీది పిల్లవాడు అడిగినచో మాత్రము పెద్దలలో పలువురు తడుముకొందురు. 'చదువు సిద్ధించుగాక యని, నాయనా' యని చెప్పి తప్పించుకొందురు. ఆ యర్థము తప్పు కాదు. కాని ఆ చిన్నమాట వెంట నడచిపోయినచో మనము జపాను దేశపు శ్మశానవాటికల వరకును పోవలసి యుండును.

చీనాదేశపు బౌద్ధభిక్షువు ఇత్సింగు 671 లో ఓడయెక్కి మన దేశమునకు వచ్చి, నలందా విహారమున పెక్కేండ్లు చదివి, 695 లో స్వదేశమునకు మరలెను. తాను చూచిన సంగతులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమున, ఇచటి పిల్లలు ఆరవయేట మొట్టమొదట చదువు పుస్తకము పేరు సిద్ధమనియు, అందు నలువదితొమ్మిది అక్షరములును వాని కూడికలును ఉండుననియు, దానిని ఆరు మాసములలో ముగింతురనియు తెలిపినాడు. అనగా సిద్ధమనునది ఆనాటి పెద్దబాలశిక్ష. కాతంత్రమను వ్యాకరణముయొక్క మొదటి సూత్రము కూడ వర్ణక్రమము సిద్ధమైనదే యని, అనగా ఒకరు క్రొత్తగా కల్పింప నక్కరలేక ముందే నిలిచియున్నదని, చెప్పుచున్నది. జైనులు ఆ మాటను సిద్ధపురుషులకు నమస్కారముగా గ్రహించిరి. ఉత్తరాది పాతబడులలో పిల్లలు 'ఓ నా మా సీ ధం' అని వల్లించెడివారు. మలయాళదేశమున 'హరిశ్రీ' యని మొదలిడుదురు. మన పెద్దలు శివునకొకటి, సిద్ధమునకొకటి, రెండు నమస్కారములు పెట్టించి యెవరితోను తగవు లేకుండ చేసికొనిరి.

పుస్తకమునకు గల పేరు క్రమముగా ఉత్తరదేశమున నాడు వాడుకలోనుండిన లిపికే పేరై, బౌద్ధమంత్రములతో కూడ చీనాకు పోయెను. మంత్రమును అర్థము చెప్పి వేరొక భాషలోనికి మార్చినచో అది మంత్రము కాకపోవును. చీనాలిపిలో వ్రాసినచో ఉచ్చారణ చెడును. కావున అక్కడి భిక్షువులు ఆ లిపినే నేర్చుకొనిరి. 804 లో జపానునుండి కూకాయి యను యువభిక్షువు చీనా రాజధానికి పోయి, హుయిగో యను గురువునొద్ద దీక్ష పుచ్చుకొని, ప్రజ్ఞుడను భారతీయ భిక్షువునొద్ద సంస్కృతము నభ్యసించి, 806 లో తిరిగివచ్చెను. 816 లో చక్రవర్తి యనుమతి పడసి కోయాపర్వతముపై ఆశ్రమము నెలకొల్పినది ఆయనయే.

ఆయన పరంపరలో నేటికిని అభ్యసింపబడు ధ్యాన మొకటి కలదు. దాని పేరు 'అజికన్'. అకారధ్యాన మని దాని యర్థము. ఒక పటముపై తెల్లని చంద్రబింబము, తామరపువ్వు, వానితో కూడ సిద్ధలిపిలో వ్రాసిన అకారము ఉండును. సాధకుడు దాని యెదుట నిటారుగా కూర్చుండి, మెల్లగా ఊపిరి విడుచుచు, మొదట ఆ యక్షరమును కన్నులతో చూచును. పిదప దానిని తన హృదయమున నిలుపుకొనును. ఇన్ని అక్షరము లుండగా అకారమే యేల? సంస్కృతమున మాటకు ముందు అకారము చేర్చినచో 'లేదు' అను నర్థము వచ్చునుగదా. పుట్టుక లేనిదియు, కావున చావు లేనిదియు నగు తత్త్వమునకు అది గురుతు. మన భగవద్గీత పదియవ యధ్యాయమున భగవానుడు అక్షరములలో తాను అకారమని చెప్పుట సోదరీమణు లెరిగినదే.

ఇక అక్కడి సమాధులు. అడుగున చదరపు రాయి, దానిపై గోళము, ఆపై నలుప్రక్కల వాలిన కప్పు, దానిపై అర్ధగోళము, కొనయందు మణివంటి మొగ్గ, ఇట్లు అయిదంతస్తుల రాతిస్తూపములను నిలుపుదురు. వానిపై క్రిందినుండి పైకి అ, వ, ర, హ, ఖ అను అక్షరములు చెక్కియుండును. అవి వరుసగా భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశము. సమాధివెనుక నాటు పొడవైన కొయ్యపలకలపైనను ఆ యక్షరములనే నల్లసిరాతో కుంచెపట్టి వ్రాయుదురు. వ్రాయించు ఇంటివారిలో వానిని చదువగలవారు అరుదు. అయినను మరణించిన తల్లికో భర్తకో చేయవలసిన కర్మలో అది యొక భాగము. మన బిడ్డ బియ్యములో నమస్కరించు సిద్ధమును, అచట పంచభూతములలో కలిసినవారికి తోడుగా నిలుచు సిద్ధమును ఒక్కటే. జపానువారి అక్షరక్రమము అ, ఇ, ఉ, ఎ, ఒ అని అచ్చులతో మొదలై క వరుస, స వరుస, త వరుస యని నడచుటకును ఈ యభ్యాసమే మూలమని పండితులు నిర్ణయించినారు.

ఇందొక చిత్రము గమనింపదగియున్నది. అచట రూపమును పదిలముగా కాపాడిరి గాని నాదము నాలుక తిరిగినట్లు మారిపోయినది. 'వజ్ర' యనునది వారి నోట 'బజర' యగును. 'హూం' అనునది 'ఉన్' అగును. మన దేశమున జరిగినది దీనికి తారుమారు. వేదపాఠకులు స్వరము రవంతయు చెడకుండ నాదమును కాపాడిరి. రూపమును మాత్రము కాలప్రవాహమునకు విడిచిపెట్టిరి.

ఎంతగా విడిచిరో తెలిసికొనుటకు కర్నూలుసీమలోని ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనములను చూడవలెను. అందలి బ్రాహ్మీలిపిలో కకారము మనము కూడికలెక్కలో వేయు గురుతువలె నుండును. గకారము పూరింటి కప్పువలె రెండు వాలుగీతలు. రకారము వట్టి నిలువుగీత. 1837 లో జేమ్సు ప్రిన్సెపు దొర దానిని చదువు రహస్యమును కనిపెట్టువరకు, పెక్కు శతాబ్దులపాటు, ఎంతటి మంత్రవేత్తకును ఆ గీతలు గీతలే. భట్టిప్రోలు స్తూపమున 1892 లో అలెగ్జాండరు రే దొర త్రవ్వించి తీయించిన ధాతుకరండములపై నున్న వ్రాతయు ఆ జాతిదే. 575 ప్రాంతమునందు కడపసీమలోని కలమళ్లలో రేనాటిచోడుల శాసనము తెలుగున చెక్కబడునప్పటికే అక్షరములు వేరు మొగములు తాల్చినవి. తాటియాకుపై గంటముతో అడ్డముగా తిన్నని గీత గీసినచో ఆకు చీలును. కావున దక్షిణదేశపు లిపులు గుండ్రములైన వని లిపిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నిలువుగీతయగు రకారము చుట్టుకొని చుట్టుకొని నేటి 'ర' యైనది. ఠకారము మాత్రము నాడును సున్నయే, నేడును సున్నయే. ఇరువదిరెండు శతాబ్దులు గడచినను పెద్దముత్తైదువ వలె తలకట్టు వేసికొని, నడుమ బొట్టు పెట్టుకొని కూర్చున్నది.

ఇట్లుండగా అక్షరముయొక్క మహిమ దాని వంపులో నున్నదన్నచో, అది ఏ కాలపు వంపులో నున్నట్లు?

ఈ ప్రశ్న పండితులకే పరిమితమైనది కాదు. పూజగదిలో ప్రణవము వ్రాయించునపుడు తెలుగు 'ఓం' వ్రాయవలెనా, నాగరిలోని మూడంకె వంటి గురుతు వ్రాయవలెనా యని తర్కించుట పలు ఇండ్లలో మేము వినుచున్నాము. నాగరిదే మంత్రమనియు, తెలుగుది వట్టి వ్రాత యనియు చెప్పువారు కలరు. ఆ గురుతులోని మూడు వంపులు జాగ్రత్స్వప్నసుషుప్తులనియు, బిందువు తురీయమనియు, నడుమనున్న నెలవంక మాయ యనియు వారు వివరింతురు. వినుటకు ఇంపుగనే యుండును. అయితే ఆ నాలుగవస్థలను ప్రణవమునకు అన్వయించి చెప్పిన మాండూక్యోపనిషత్తులో మంత్రములు పండ్రెండే. వానిలో అకార ఉకార మకారములను మాత్రలు కలవు, మాత్రలేని నాలుగవది కలదు, గీతలును వంపులును లేవు. అది చెవికి చెప్పినదేగాని కంటికి చూపినది కాదు. నాగరి గురుతు నిజమునకు పాతలిపిలోని ఓకారమును, దానిపై చంద్రబిందువును. తమిళులు తమ ఓంకారమున వినాయకుని తొండమును చూచుకొందురు. మన గుండ్రని ఓంకారమున మన యిల్లాండ్రు దేనిని చూచుకొన్నను అడ్డుపెట్టు శాస్త్రము మాకు కానరాదు. గోడపై తెలుగున వ్రాసినంతమాత్రమున ఆ ఓంకారమునకు వీసమైనను తరుగు లేదు.

అయితే రూపమునకు ఏ స్థానమును లేదా? కలదు. దానిని తెలిసికొనవలెనన్న తంత్రశాస్త్రము వైపు తిరుగవలెను. ఆ శాస్త్రము అక్షరములకు పెట్టిన పేరు మాతృకలు, అనగా తల్లులు. అ మొదలు క్ష వరకును ఏబది మాతృకలు. అక్షమాల యను జపమాలకు ఆ పేరు అకారముతో మొదలై క్షకారముతో ముగియుటచేతనే వచ్చినదని చెప్పుదురు. కాళికాదేవి మెడలోని పుర్రెలదండ ఈ యక్షరములే యని ఉపాసకుల భావము. శుక్రవారము లలితాసహస్రనామము చదువు ప్రతి యిల్లాలి నోటను 'మాతృకావర్ణరూపిణి' యను నామము దొరలుచునే యుండును. నోట వచ్చునుగాని మనసున నిలుచుట తక్కువ.

యోగులు ఈ ఏబది తల్లులకును మన శరీరమునందే యిండ్లు చూపినారు. కంఠమునందలి విశుద్ధపద్మమునకు పదునారు రేకులు, వానిపై పదునారు అచ్చులు. హృదయమునందలి అనాహతమునకు పండ్రెండు రేకులు, క మొదలు ఠ వరకు. నాభియందలి మణిపూరమునకు పది, డ మొదలు ఫ వరకు. దాని క్రింద స్వాధిష్ఠానమునకు ఆరు, బ మొదలు ల వరకు. మూలాధారమునకు నాలుగు, వ శ ష స. కనుబొమ్మల నడుమ ఆజ్ఞాచక్రమునకు రెండు, హ క్ష. కూడి చూచినచో సరిగా ఏబది. మనము పలుకు ప్రతి మాటయు ఈ రేకులనుండి రాలిన పువ్వే యని వారి తాత్పర్యము. అచ్చులను ప్రాణములనియు హల్లులను ప్రాణులనియు మన వ్యాకరణము పేర్కొనుట ఈ భావమునకు దూరముగా లేదు. సాధకుడు రేకు రేకునను అక్షరమును రంగుతో వెలుగుతో చూచును. ఆ చూపునకు ఏదోయొక రూపము కావలెను. అది అతడు బాల్యమున దిద్దిన రూపమే యగును, కాశ్మీరపు ఉపాసకునకు శారదాలిపి, మనకు తెలుగు. ఇందొక సరదా సంగతి యున్నది. మన 'ఎవరు', 'ఒకరు' అను మాటల మొదటనున్న కుఱుచ అచ్చులకును, ఱకారమునకును, ౘ ౙ లకును ఆ పద్మములలో రేకులు లేవు. సంస్కృతమున ఆ ధ్వనులు లేకపోవుటయే కారణము. కావున అత్తాకోడండ్రు 'ఎందుకు, ఒద్దు' అని వాదులాడుకొను మాటలు ఏ చక్రమునుండి పుట్టునో మేము చెప్పజాలము.

యూదుల ప్రాచీనగ్రంథ మొకటి, 'సెఫెర్ యెజీరా' యనునది, హీబ్రూభాషలోని ఇరువదిరెండు అక్షరములచే జగత్తు సృష్టింపబడినదని చెప్పుచున్నది. ఆ యిరువదిరెంటిని అది మూడు, ఏడు, పండ్రెండుగా విభజించును. మొదటి మూడు ఆలెఫ్, మేమ్, షీన్ అనునవి, గాలి, నీరు, నిప్పు. వానికి ఆ గ్రంథము పెట్టిన పేరు 'తల్లులు'. మనవారినుండి వారు గ్రహించిరని గాని, వారినుండి మనవారు గ్రహించిరని గాని మేము వాదింపము. అక్షరమును చూచి తల్లి యనుట రెండుచోట్ల జరిగినది, అంతియే. వారు రూపమునందు మిక్కిలి నిష్ఠ గలవారు. తోరా యను వారి ధర్మగ్రంథమును తోలుచుట్టపై చేతితో వ్రాయుదురు. అందలి అక్షరములు 3,04,805. వానిలో ఒక్కటి లోపించినను దిద్దువరకు ఆ చుట్ట దేవాలయమున చదువుటకు పనికిరాదు.

ఇంతటి గంభీరమైన భావన మన వీధులలోనికి వచ్చుసరికి ఏమైనదో చెప్పక తప్పదు. రాగిరేకుపై నాలుగు బీజాక్షరములు గీకి, ఇంటిలోని కలహమునకిది, సంతానమునకిది, అప్పులకిది యని అమ్మువారు కలరు. బిడ్డ పేరులో ఒక అక్షరమును చేర్చియో తీసివేసియో అదృష్టమును తిప్పెదమనువారు కలరు. వారి యొద్దకు పోవునది ఎక్కువగా ఇల్లాండ్రే. భర్తకు తెలియకుండ దాచుకొన్న సొమ్మును ఒప్పగించునదియు వారే. మాతృకలు ఏబదియు మన శరీరముననే కాపురముండగా, ఉచితముగా ప్రతి పలుకునను వెలువడుచుండగా, రేకుపైని నాలుగింటికి వందలు వేలు ఏల పోయవలెను? సొమ్ము పోయిన పోవచ్చును. జ్వరముతో మూలుగుచున్న పసివానికి తాయెత్తు కట్టి, వైద్యుని పిలుచుటకు మూడుదినములు జాగుచేయుట మాత్రము క్షమింపరానిది. అక్షరమును తల్లి యన్న శాస్త్రమును అడ్డుపెట్టుకొని బిడ్డను అపాయమున పడవేయుట యెంత విపరీతము!

దీనికి పూర్తిగా వేరైన అక్షరోపాసన మన యిండ్లలోనే, ఏ గురువును ఏ దక్షిణయు లేకుండ, నడచుచున్నది. అది రామకోటి. మధ్యాహ్నము వంటపని ముగిసిన పిమ్మట ఒక పుస్తకము, ఒక కలము పట్టుకొని మన పెద్దవారు వ్రాయు ఆ రెండక్షరములలో, 'రా' నారాయణాష్టాక్షరినుండియు, 'మ' శివపంచాక్షరినుండియు వచ్చినవని పెద్దలు చెప్పుదురు. ఒక్కొక్క మంత్రమునకు ప్రాణమైన అక్షరమును తీసి కూర్చిన నామమట. కోటి యనగా ఎంతయో లెక్క వేయుడు. దినమునకు వేయి చొప్పున, ఒక్కదినమైనను తప్పక వ్రాసినచో, పదివేల దినములు పట్టును, అనగా ఇరువదియేడేండ్లకు మించిన కాలము. కాపురమునకు వచ్చిననాడు మొదలిడినవారు మనుమలను ఎత్తుకొన్ననాటికి ముగింతురు. ముగిసిన పుస్తకములను భద్రాచలమునకు గొనిపోయి స్వామికి సమర్పించువారు నేటికిని కలరు. చదువురాని వృద్ధస్త్రీలు కొందరు ఆ నామము వ్రాయుటకొరకే మనుమరాలియొద్ద ఆ కొలది అక్షరములు నేర్చుకొనుటయు మేమెరుగుదుము. వారి వ్రాతలో తలకట్టు ఒకప్పుడు ప్రక్కకు జారును, దీర్ఘము కొమ్మువలె వ్రేలాడును. రూపము చెడినదని రాముడు ఆ పుస్తకమును త్రిప్పిపంపినట్లు ఎవరును చెప్పలేదు.

ఇంతవరకు వచ్చిన పిమ్మట, స్త్రీకి ప్రణవోచ్చారణము కూడదను మాటను గూర్చియు చెప్పవలసియున్నది. అక్షరాభ్యాసమున తల్లి అక్షతలు చల్లి తొలగవలయుననియు, బిడ్డ వ్రేలు పట్టుకొని ఓంకారము వ్రాయించుటకు ఆమెకు అధికారము లేదనియు కొన్ని యిండ్లలో ఇప్పటికిని నియమమున్నది. ఆ నియమము పెట్టినవారు బృహదారణ్యకోపనిషత్తు మూడవ యధ్యాయమును మరచిరి. జనకుని సభలో ఈ యాకాశమంతయు దేనియందు అల్లుకొనియున్నదని యాజ్ఞవల్క్యుని నిలదీసినది గార్గి, ఒక స్త్రీ. ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము 'అక్షరము'. అచట అక్షరమనగా నశింపనిది యని యర్థము, వ్రాతలోని అక్షరము కాదు. అయినను ఆ మాటకు అంతటి గంభీరవ్యాఖ్య ఒక స్త్రీ యడిగిన ప్రశ్నవలననే లోకమునకు దొరకినది. తంత్రగ్రంథములు మరియొక యడుగు ముందుకు వేసినవి. స్త్రీ యొసగు మంత్రదీక్ష శుభమనియు, తల్లి యొసగు దీక్ష ఎనిమిదిరెట్లు ఫలప్రదమనియు అవి చెప్పుచున్నవి. అక్షరములకు తల్లులని పేరుపెట్టిన శాస్త్రము తల్లికి అక్షరము కూడదని యెట్లు చెప్పును? గోదావరి యొడ్డున బాసర సరస్వతీదేవి సన్నిధికి అక్షరాభ్యాసమునకై బిడ్డల నెత్తుకొని వచ్చు తల్లులు ఏటేట వేలకొలది. వారిలో ప్రతి తల్లియు, పురోహితుడు మంత్రము చెప్పుచుండగా, బిడ్డ చేతిపై తన చేయి వేసి దిద్దించినచో శాస్త్రవిరోధ మేమియు లేదని మా నిశ్చితాభిప్రాయము.

చిత్తూరుసీమలోని తరిగొండలో 1730 లో జన్మించిన వెంగమాంబ బాల్యముననే భర్తను కోల్పోయినది. తాను చిన్ననాట ఆచార్యునిచెంత ఓనమాలైనను చదువలేదని ఆమె తన కృతిలో తానే చెప్పుకొన్నది. ఆ ఓనమాలు లేని యువతి యోగము నభ్యసించి, తిరుమలకొండ చేరి, రాజయోగామృతసారమును, ద్విపద భాగవతమును, వేంకటాచలమాహాత్మ్యమును రచించి, 1817 లో అచటనే కన్ను మూసినది. నేటికిని ప్రతిరాత్రి ఏకాంతసేవవేళ స్వామికి తాళ్లపాకవారి పాటతో కూడ తరిగొండవారి ముత్యాలహారతి జరుగుచున్నది.